ఆదివారం పని, చచ్చిన గొడ్డు, డప్పు (మా గేరి చరిత్ర – 9)

పోయిన భాగం చదివి ఒక డిగ్రీ విద్యార్థి మెసేజ్ పెట్టాడు. "మేడమ్, మనోళ్ళు గోధుమపిండికీ పాలపొడికీ మతం మారినారని మా క్లాసులో అంటాండారు. ఏం జవాబు చెప్పాల?"

ఈ మాట నేను స్టాఫ్‌రూముల్లో కూడా విన్నాను. నవ్వుతూనే అంటారు. మనం కూడా నవ్వి ఊరుకుంటాం. ఈసారి నవ్వకుండా జవాబు చెబుదాం. ముందు తేదీలు చూద్దాం.

అమెరికా గోధుమలు పి.ఎల్. 480 ఒప్పందం కింద మన దేశానికి రావడం మొదలైంది 1950ల్లో. మన కడపలో లండన్ మిషనరీ సొసైటీ పని మొదలైంది 1822లో. ఇక్కడ పనిచేసిన విలియం హోవెల్ 1842లో ఆ మిషన్ వదిలి ఇంగ్లండ్ చర్చి వైపు పోయాడు. ఆయన వెంట పోయిన జనంతోనే కలసపాడు, ముత్యాలపాడు, నంద్యాల వైపు ఎస్‌పీజీ మిషన్ పెరిగింది. అంటే పాలపొడి డబ్బా ఈ దేశం రేవులో దిగేనాటికి మన పల్లెల్లో బైబిలు పట్టుకున్న మూడో తరమో నాలుగో తరమో బతుకుతోంది. పాలపొడి ఇంకా ఇక్కడికి రాని కాలంలో మారినవాళ్ళు దేనికి మారారు? అసలు "మారడం" అంటే వాళ్ళ ఇంట్లో, వాళ్ళ పనిలో ఏం మారింది?

దీనికి మనకు దొరికే జవాబుల్లో అన్నిటికంటే స్పష్టమైనది నల్లమలకు అవతలి పక్క ఉంది. అందుకని ఈ భాగంలో కొంచెంసేపు కొండ దాటి పోదాం. అవతల అంటే పరాయి ప్రాంతం కాదు. గిద్దలూరు, కంభం, మార్కాపురం 1970 దాకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. మన ఇళ్ళల్లో సగం పెళ్ళి సంబంధాలు ఆ పక్కవే.

ఆ మనిషి పేరు యర్రగుంట్ల పేరయ్య. ఇంటిపేరు చూసి మన ఎర్రగుంట్ల అనుకోవద్దు. అప్పటి నెల్లూరు జిల్లాలో, ప్రకాశం ప్రాంతం పడమటి పక్కన, తాళ్ళకొండపాడు అనే ఊరి మాదిగ. చదువు రాదు. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. తోళ్ళు కొనేదానికి ఉత్తరాన ఏలూరు వైపు పోయినప్పుడు అక్కడి మిషనరీల నోట క్రీస్తు మాట విన్నాడు. అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చిన 1866లోనే భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. 1867 జనవరిలో క్లౌ ఆ ఊరికి పోయేసరికి పేరయ్య చుట్టుపక్కల మాదిగలను అప్పటికే కూడగట్టి పెట్టాడు. ఆ విడత 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఊరూరికీ చెప్పులు కుట్టే చేతులే కబురు మోశాయి. దొర పోయింది ఆ తర్వాతే.

ఇంకో సంగతి మన కడపవాళ్ళు తెలుసుకోవాలి. క్రీస్తు మాట వినకముందు పేరయ్య ఖాళీగా లేడు. ఒక స్త్రీ గురువు దగ్గర యోగం నేర్చుకున్నాడు. ఆ కాలంలో మాదిగ గూడేల్లో తిరిగిన గురువుల మాటల్లో మన కందిమల్లయపల్లె పోతులూరి వీరబ్రహ్మం మాట కూడా ఉంది. దూదేకుల సిద్దయ్యనూ, మాదిగ కక్కయ్యనూ శిష్యులుగా తీసుకున్న బ్రహ్మంగారే. గుడి లోపలికి రానివ్వని మనిషి, దేవుడు తన ఒంట్లోనే ఉన్నాడని చెప్పే గురువును వెతుక్కున్నాడు. కాబట్టి "అమాయకులను మభ్యపెట్టారు" అనే మాట కూడా నిలబడదు. వాళ్ళు చాలాకాలంగా వెతుకుతున్నారు. ఎవరి మాట తమ బతుకును నిలబెడుతుందో బేరీజు వేసుకుని ఒప్పుకున్నారు.

ఒప్పుకున్నాక పాటించాల్సిన నియమాలు మూడే. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు.

చదువుకున్నవాళ్ళకు ఇవి మామూలు మతనియమాల్లాగే కనిపిస్తాయి. ఒక్కసారి అప్పటి మాదిగ ఇంట్లో నిలబడి చూడండి.

మొదటిది ఆదివారం. మాదిగ పని అంటే రోజు కూలి కాదు. ఊరికి చెప్పులు, బావులకు కపిల తోలు, ఎద్దులకు పలుపులు, వీటన్నిటికీ కళ్ళంలో మేర. కోతలప్పుడు మనిషి మొత్తం రెడ్డిదే. ఏ పూట పిలిస్తే ఆ పూట పోవాల. అట్లాంటి మనిషి వారంలో ఒక దినం "నేను రాను" అంటే దాని అర్థం ఏంది? నా కాలంలో ఏడో వంతు నాది అని. వెట్టి చరిత్రలో ఇది చిన్న మాట కాదు. సంఘం పెట్టకుండా, జెండా ఎత్తకుండా, వారం వారం చేసిన సమ్మె ఇది.

రెండోది చచ్చిన గొడ్డు. ఊళ్ళో పశువు చస్తే ఈడ్చుకుపోయేది మాదిగే. తోలు తీసేదీ, ఆ తోలుతో ఊరికి చాకిరీ చేసేదీ మాదిగే. ఆ మాంసం అతనికి "హక్కు". కరువు పూట అదే తిండి కూడా. "నేను తినను" అన్న రోజు ఆ ఇంటి ఆడమనిషి పొయ్యి మీద ఏం పెట్టింది? చరిత్ర పుస్తకాలు అడగని ప్రశ్న ఇది. విశ్వాసం బరువు మొదట పడింది ఆమె కుండ మీద.

మూడోది విగ్రహాలు. మాదిగకు ఈ నియమం అంటే డప్పే. జాతరకు కొట్టాల, చావుకు కొట్టాల, చాటింపుకు కొట్టాల. కొట్టను అంటే ఊరి దేవర ఆగిపోతుంది. దేవర ఆగితే వాన రాదు, గత్తర వస్తుంది అని ఊరు భయపడుతుంది. భయపడిన ఊరు ఊరుకోదు.

ఊరుకోలేదు కూడా. కరణాలూ మునసబులూ కూడబలుక్కున్నారు. పని లేదన్నారు. దారులు మూసేశారు. దొంగ కేసులు పెట్టారు. క్లౌ జ్ఞాపకాల్లో ఇట్లాంటి సంగతులు పదే పదే వస్తాయి. ఆయన చనిపోయాక భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వాటిని పుస్తకంగా తెచ్చింది. ఈమెది ఆసక్తికరమైన కథ. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్న మనిషి. 1899లో మాదిగల నోటి కథలు ఏరి "వైల్ సోయింగ్ శాండల్స్" అని పుస్తకం వేసింది. మనల్ని "తెగ" అని రాసింది, అది మనం ఒప్పుకోం. అయితే ఆమె కూర్చుని వినకపోతే పేరయ్య కథలో ఇంత భాగం మనకు మిగిలేదా? తెలుగు సాహిత్య చరిత్రల్లో నేను ఎం.ఏ.లో చదివిన వాటిలో పేరయ్య పేరు ఎక్కడా రాలేదు.

ఇప్పుడు "కరువు మతం" అనే మాటకు వద్దాం. 1876–78 కరువు కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలను తుడిచిపెట్టింది. ఆ కాలంలో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. పాదిరి కాకముందు ఆయన సర్వేయరు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టుకున్నాడు. వేలమంది అక్కడ తవ్వి కూలి తీసుకున్నారు. దానం తీసుకోలేదు. కరువు ఉన్నంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారనే మాట పడొద్దని. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతమంది ఆ ఏడాదే ఎందుకు కదిలారన్నదానికి కరువు కూడా ఒక కారణమే. నేను దాచను. కానీ ఆకలితో ఉన్న మనిషికి ఆలోచన ఉండదని ఎవరన్నారు? ఆకలి రోజుల్లో ఎవరు పక్కన నిలబడ్డారో, ఎవరు తలుపేసుకున్నారో చూసి నిర్ణయం తీసుకోవడం కూడా తెలివే.

పేరయ్య బాప్తిస్మం తీసుకున్న అరవై ఏళ్ళకు, 1927 మార్చిలో, మహాడ్ సభలో బాబాసాహెబ్ అంబేడ్కర్ మహర్లకు ఏం చెప్పారు? చచ్చిన పశువు మాంసం మానండి అని. ఆ తర్వాత మహర్ వతన్ మీద, అంటే ఊరి వెట్టి మీద పోరాడారు. ఆయన క్రైస్తవుడు కాదు. పేరయ్య గురించి విన్నారో లేదో ఆ సంగతి ముఖ్యం కాదు. చెప్పుల ఆర పట్టిన చెయ్యి, కలం పట్టిన చెయ్యి ఒకే చోట వేలు పెట్టాయి. తిండి దగ్గర, చాకిరీ దగ్గర. మన బానిసత్వం అక్కడ ఉంది కాబట్టి.

ఇంతవరకూ గర్వంగా రాశాను. ఇప్పుడు కష్టమైన భాగం.

మా అవ్వ పుట్టిల్లు నల్లమల పక్కన ఒక పల్లె. ఆమె బతికినన్నాళ్ళూ ఆదివారం సూది కూడా పట్టలేదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, దండోరా ఉద్యమం ఊరూరా తిరిగిన రోజుల్లో, మా చిన్నాయన భుజాన డప్పు వేసుకుని ఇంట్లోకి వచ్చాడు. మా ఇంట్లోకి డప్పు రావడం నాలుగు తరాల తర్వాత అదే మొదలు. అవ్వ గడప దగ్గరే ఆపేసింది.

"మా జేజినాయన దీన్ని దించేదానికి తన్నులు తిన్యాడు రా. నువ్వు మళ్ళా భుజానికేసుకోని వస్తివే!"

చిన్నాయన కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అమ్మా, ఆయప్పను కొట్టమన్న్యారు గాబట్టి కొట్టనన్న్యాడు. నన్నెవురూ కొట్టమన్లేదు. నేనే కొడతాండా."

అవ్వ ఒప్పుకోలేదు. డప్పు ఆ రాత్రి బయట వేపచెట్టుకే వేలాడింది. పీహెచ్‌డీ చేసేటప్పుడు ఎన్నో సిద్ధాంతాలు చదివాను గానీ ఆ గడప దగ్గర విన్న రెండు మాటలకు మించి నాకు ఎవరూ నేర్పలేదు. మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది 1994 జూలై 7న ఈదుముడిలో. అది పేరయ్య తిరిగిన ప్రకాశం జిల్లాయే. డప్పు దించిన నేలే డప్పును జెండాగా ఎత్తింది. ఇద్దరూ ఒకే పని చేశారని నేను అనుకుంటాను. ఒకరు బలవంతాన్ని దించారు, ఇంకొకరు సిగ్గును దించారు.

ఎందుకంటే సిగ్గు కూడా వచ్చింది. చర్చి ఆ మూడు నియమాలతో పాటు మన పాటను, మన తిండిని చూసి తలదించుకునే అలవాటునూ కొంత నేర్పింది. చచ్చిన గొడ్డు వద్దన్న మాట కాలక్రమంలో అసలు గొడ్డు మాంసమే నీచం అనే చోటికి పోయింది. మాల సంఘం, మాదిగ సంఘం అని గుడులు వేరుగానే ఉండిపోయాయి. ఇవి మనం మన ఇంట్లో మాట్లాడుకోవాల్సినవి.

ఆదివారం మాట కూడా. అవ్వ సూది పట్టలేదు నిజమే. కానీ గుడి నుంచి వచ్చి ఇరవై మందికి వండింది ఆమే. పేరయ్య కాలంలో రెడ్డి దగ్గర సంపాదించుకున్న ఆ ఏడో దినాన్ని మన మగవాళ్ళు ఇంటి ఆడవాళ్ళకు ఇచ్చారా? మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం వంట మా ఆయనది. పెద్ద ఘనకార్యం కాదు, బాకీ తీర్చడమే.

చివరగా కాగితం సంగతి. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు తప్ప ఎవరూ షెడ్యూల్డ్ కులం కారంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనం బయటే ఉన్నాం. ఆంధ్రలో మనకు మిగిలింది బీసీ-సి, ఒక శాతం. మా నాయన అబద్ధం రాయనని క్రైస్తవుడనే రాసుకున్నాడు. బతుకంతా ప్రైవేటు బడుల్లో చాలీచాలని జీతానికి పాఠాలు చెప్పాడు. చిన్నాయన హిందూ అని రాసుకున్నాడు, ఉద్యోగం వచ్చింది. అన్నదమ్ముల మధ్య కొన్నేళ్ళు మాటలు లేవు. ఒకరు విశ్వాసాన్ని అమ్ముకున్నాడని, ఇంకొకరు పిల్లలను ఎండబెట్టాడని.

ఎవరిది తప్పు? చాలాకాలం నేనూ తూకం వేశాను. ఇప్పుడు వేయడం మానేశాను. అన్నను నిజాయితీకి శిక్షించి, తమ్ముడి చేత అబద్ధం ఆడించిన కాగితం ఒకటే. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులం పేరుతో తిట్టి కొట్టారని కేసు పెట్టిన ఒక పాస్టరుకు, క్రైస్తవుడివి కాబట్టి అట్రాసిటీ చట్టం నీకు వర్తించదంది. తిట్టినవాడికి కనిపించిన కులం చట్టానికి కనిపించలేదు. విశ్వాసం అంటే ఎవరికి మొక్కుతావనేదే అని ఆ ఉత్తర్వు అనుకుంటోంది. పేరయ్యకు విశ్వాసం అంటే ఏ దినం పని చేయను, ఏం తినను, ఎవరి కోసం కొట్టను అనేది. ఆ మూడింటికీ దెబ్బలు తిన్నది మాదిగగానే. బాప్తిస్మం ఆ దెబ్బలను ఆపలేదు.

కాబట్టి తమ్ముడూ, నీ క్లాసులో ఈసారి ఎవరన్నా పాలపొడి మాట తీస్తే 1866 అని చెప్పు. తర్వాత మీ అవ్వ దగ్గర కూర్చో. మీ ఇంట్లో డప్పు దించింది ఎవరు, ఆదివారం ఎప్పుడు మొదలైంది, ఆ రోజు ఊరు ఏం చేసింది, అడిగి రాసుకో. ఆ కబుర్లు ఇప్పటికీ ముసలివాళ్ళ నోట్లోనే ఉన్నాయి. వాళ్ళు పోతే మన దగ్గర దొరల పుస్తకాలు మాత్రమే మిగులుతాయి.

మీ ఇళ్ళల్లో విన్నవి కింద రాయండి. వచ్చే భాగం వాటితోనే మొదలుపెడతాను.

జై భీమ్.