మెయిల్‌కి అసలు తాళం ఇదే.. నల్ల స్క్రీన్‌లో 'మట్', జీపీజీ ఎలా వాడాలి? సబ్జెక్ట్ లైన్‌తో జాగ్రత్త!

చోడవరం: ఆధార్ కాపీ, పాన్ కార్డు, బ్యాంక్ స్టేట్‌మెంట్.. పాత విశాఖ జిల్లాలోని చోడవరం (2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లా) నుంచి వైజాగ్‌లోని ఆడిటర్‌కి ఏది పంపాలన్నా ఇప్పుడు మెయిలే. దారిలో ఆ మెయిల్‌కి రక్షణ మామూలుగా ఉంటుంది. కానీ సర్వర్‌లో దిగాక? మెయిల్ కంపెనీ తలచుకుంటే చదవొచ్చు. పాస్‌వర్డ్ దొంగిలించినవాడూ చదవొచ్చు.

దీనికి మందు పాతదే. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ పీజీపీ తెచ్చారు. 1997లో జర్మనీకి చెందిన వెర్నర్ కోఖ్ దాని ఉచిత రూపం జీనూపీజీ (జీపీజీ) మొదలుపెట్టారు. బొమ్మలు, బటన్లు లేకుండా టెర్మినల్‌లోనే నడిచే 'మట్' అనే మెయిల్ ప్రోగ్రామ్ 1995 నాటిది. ఈ రెండూ కలిస్తే పని అయిపోతుంది. లినక్స్ కంప్యూటరే ఉండాలని లేదు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ యాప్ వేసుకున్నా రెండూ దొరుకుతాయి.

ముందు జీపీజీతో రెండు కీలు తయారు చేసుకోవాలి. పబ్లిక్ కీ ఎవరికైనా ఇవ్వొచ్చు. ప్రైవేట్ కీ మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. ఆడిటర్ పబ్లిక్ కీతో తాళం వేస్తే, ఆడిటర్ దగ్గరున్న ప్రైవేట్ కీతోనే అది తెరుచుకుంటుంది. అంటే అవతలివాళ్లకీ జీపీజీ ఉండాల్సిందే. ఇంతమంచి పద్ధతి జనంలోకి పెద్దగా వెళ్లకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

వచ్చిన కీ నిజంగా వాళ్లదేనా? 40 అక్షరాల ఫింగర్‌ప్రింట్ ఉంటుంది. ఫోన్ చేసి చదివించుకుని సరిచూడాలి. చాలామంది బద్ధకించేది ఇక్కడే, మోసం జరిగే వీలున్నదీ ఇక్కడే.

ఇక మట్‌లో 'ఎం' నొక్కి మెయిల్ రాయాలి. పంపేముందు వచ్చే స్క్రీన్‌లో 'పీ', ఆ తర్వాత 'ఈ' నొక్కితే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. 'వై' నొక్కితే వెళ్లిపోతుంది. జీమెయిల్ వాడేవాళ్లకి మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. సెట్టింగ్స్‌లో సొంత కీ కూడా ఇచ్చుకోకపోతే, పంపిన మెయిల్‌ని పంపినవాళ్లే మళ్లీ చదవలేరు!

తాళం పడేది లోపలి మ్యాటర్‌కి, అటాచ్‌మెంట్‌కే. ఎవరు, ఎవరికి, ఎప్పుడు పంపారన్నది బయటకే కనిపిస్తుంది. సబ్జెక్ట్ లైన్ కూడా మామూలుగా అంతే. అక్కడ అకౌంట్ నంబర్ రాస్తే అంతే సంగతులు.

2018 మే నెలలో 'ఈఫెయిల్' లోపం బయటపడి చాలా మెయిల్ యాప్‌లు ఇబ్బంది పడ్డాయి. హెచ్‌టీఎంఎల్ బొమ్మలను తనంతట తాను తెరవని మట్‌కి ఆ దెబ్బ తగల్లేదు. తెలుగు అక్షరాల విషయంలో మాత్రం తిప్పలు తప్పవు. చాలా టెర్మినల్స్‌లో వత్తులు విడిపోయి కనిపిస్తాయి, మెయిల్ మాత్రం సరిగ్గానే చేరుతుంది.

ప్రైవేట్ కీ పోయినా, దాని పాస్‌వర్డ్ మర్చిపోయినా పాత మెయిల్స్ ఇక తెరుచుకోవు. ఏ కస్టమర్ కేరూ ఏం చేయలేదు. అందుకే కీ కాపీ ఒకటి, జీపీజీ తయారుచేసే రివొకేషన్ సర్టిఫికెట్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంట్లో భద్రంగా దాచాలి. ఫోన్ పోతే ఆ సర్టిఫికెట్‌తో పాత కీని రద్దు చేసి, ఆ సంగతి అవతలివాళ్లకి పంపొచ్చు.