ట్రంకుపెట్టె సర్దే ముందు

జూన్, జూలై నెలలు వచ్చాయంటే చాలు, మన ఇళ్ళల్లో ఒకటే మాట. సీటొచ్చిందా, ఎక్కడొచ్చింది? వచ్చిందనగానే ఇరుగుపొరుగులకి స్వీట్లు పంచేస్తాం. పిల్ల అక్కడ ఎక్కడుంటుంది, ఏం తింటుంది, నెలనెలా డబ్బు ఎలా అందుతుంది అన్న సంగతి మర్నాటికి గానీ మనసుకి తట్టదు. తట్టాక మటుకు నిద్ర పట్టదు! మా మనవరాలికి యూనివర్సిటీలో సీటొచ్చినప్పటి నుంచీ మా ఇంట్లోనూ ఇదే గొడవ. ఈ గొడవ మనతో మొదలైంది కాదు. మన ముందు తరాల ఆడవాళ్ళు దీన్ని ఎలా ఈదుకొచ్చారో ఇవాళ మీతో చెప్పుకోవాలనిపించింది.

మా నాయనమ్మ తరంలో హాస్టలంటే ఏమిటో ఎవరికీ తెలీదు. ఊరుగానీ ఊళ్ళో చదువుకోవాల్సిన పేదపిల్లాడు వారాలు చేసుకునేవాడు. అంటే సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట, అలా ఏడు రోజులకి ఏడిళ్ళు చూసుకుని భోజనం గడుపుకోవడం. పడుకోవడానికి ఏ గుడి మండపమో, సత్రపు అరుగో ఉండేది. ఒక ఇంట్లో పురుడో మైలో వచ్చిందంటే ఆ రోజుకి పస్తే. అలా చదివినవాళ్ళు తర్వాత ప్లీడర్లయ్యారు, పంతుళ్ళయ్యారు. తమ కథ చెప్పుకున్నప్పుడు ఫలానా వారింట వారం చేశానని ఇంటి యజమాని పేరు చెప్పారు. అన్నం వడ్డించిన ఇల్లాలి పేరు ఎంతమంది చెప్పారో మీరే ఆలోచించండి. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఈ వారాలు చాలామట్టుకు బ్రాహ్మణ పిల్లలకే దొరికేవి. తక్కిన కులాల పిల్లలకి ఆ గడప అందేది కాదు. ఆడపిల్ల ఊసే లేదు.

టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి సుబ్బమ్మగారి సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. భర్త పోయాక పిల్లల్ని తీసుకుని ఒంగోలు చేరి, పూటకూళ్ళ ఇల్లు పెట్టి కొడుకుని చదివించారావిడ. పరీక్ష ఫీజుకి మూడు రూపాయలు ఎక్కడా పుట్టకపోతే తన పట్టుబట్ట తాకట్టు పెట్టి కట్టారు. ఇవాళ మూడు రూపాయలంటే మనకి నవ్వొస్తుంది. ఊరందరికీ వండి వార్చి బతికే మనిషికి ఆ పట్టుబట్ట ఒక్కటే ఆస్తని తలుచుకుంటే నవ్వు రాదు.

తర్వాత తర్వాత పట్నాల్లో హాస్టళ్ళు లేచాయి. హైదరాబాదులో రెడ్డి హాస్టలు 1918లో మొదలైంది. రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారు పూనుకుని పెట్టించారు. సురవరం ప్రతాపరెడ్డిగారి వంటి పెద్దలు దాని బాగోగులు చూశారు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన ఎందరో పిల్లలకి అదే ఇల్లయింది. ఆంధ్ర జిల్లాల్లోనూ ఎవరి కులంవాళ్ళు చందాలేసుకుని తమ పిల్లల కోసం హాస్టళ్ళు కట్టుకున్నారు. మంచిదే. కానీ చందాలిచ్చే షావుకార్లు, జమీందార్లు లేని కులాల మాటేమిటి? షెడ్యూల్డు కులాల విద్యార్థులకి పైచదువు స్కాలర్‌షిప్పులు 1944లో గానీ మొదలు కాలేదు.

ఇక ఆడపిల్లల సంగతి. దుర్గాబాయమ్మగారు తెలుసుగా? 1923 కాకినాడ కాంగ్రెసు సభల్లో టిక్కెట్టు లేదని నెహ్రూగారినే గుమ్మంలో ఆపేసిన పిల్ల! ఉప్పు సత్యాగ్రహంలో జైళ్ళకి వెళ్ళొచ్చాక, పెద్దయ్యాక, పట్టుబట్టి మళ్ళీ చదువు మొదలుపెట్టారావిడ. కాశీలో ఇంటర్మీడియెట్ ముగించి, డిగ్రీ కోసం వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అప్పుడు వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆడపిల్లలకి హాస్టలు లేదు, చేర్చుకోవడం కష్టమన్నారట. తెలివిలో లోపం లేదు, మార్కుల్లో లోపం లేదు. గది లేదు, అంతే!

ఇంకొకరైతే ఏడ్చుకుంటూ రైలెక్కేవారు. ఆవిడ ఏం చేశారో వినండి. పేపర్లో ప్రకటన వేయించారు. యూనివర్సిటీలో చదవాలని ఉండీ హాస్టలు లేక ఆగిపోయిన ఆడపిల్లలెవరైనా ఉంటే తనకి రాయమని. ఓ పదిమంది దాకా ముందుకొచ్చారు. అందరూ కలిసి ఒక బస చూసుకుని, తామే హాస్టలు నడుపుకున్నారు. ఇప్పుడేమంటారని మళ్ళీ వెళ్ళి అడిగితే కాదనడానికి ఏముంది? సీటిచ్చారు. ఆవిడ రాజనీతి శాస్త్రంలో ఆనర్సు చదివి, తర్వాత మద్రాసులో లా పూర్తిచేశారు. 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టినదీ, 1958లో స్త్రీవిద్య మీద వేసిన జాతీయ కమిటీకి అధ్యక్షత వహించినదీ ఈవిడే.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు కడుపులో ఏదో కదులుతుంది. ఎందుకంటే 1976లో నాకూ సీటొచ్చింది. ఏ ఊరో చెప్పను. నాన్నగారూ నేనూ వెళ్ళి నోటీసుబోర్డు మీద హాస్టలు లిస్టు చూశాం. నా పేరు లేదు. ఆ ఊళ్ళోనే మా పిన్ని ఉండేది. ఆవిణ్ణి అడగడానికి నాన్నగారికి మొహమాటం అడ్డొచ్చింది. రిక్షా దిగకుండానే మళ్ళీ స్టేషనుకి తిప్పించారు. ఆ ఏడే మా అన్నయ్య ఫీజుకి అమ్మ చేతి గాజులు నాలుగూ తాకట్టుకి వెళ్ళాయి. అన్నయ్య మీద నాకు కోపం లేదు. ఆ రిక్షాలో అమ్మ కూడా ఉండుంటే పిన్ని ఇంటికి పోనివ్వమనేదేమో అని మటుకు ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే మనవరాలికి హాస్టలు దరఖాస్తు పెట్టేటప్పుడు నేనే పక్కన కూచున్నాను. మీకు పనికొస్తాయని నాలుగు ముక్కలు చెబుతాను. సీటు దరఖాస్తు వేరు, హాస్టలు దరఖాస్తు వేరు. చాలాచోట్ల గడువులూ వేరే. ఇది తెలియక చాలామంది చేజార్చుకుంటారు. గది అద్దె, మెస్సు ఖర్చు ఒకటి కావు. డివైడింగు మెస్సయితే నెల ఖర్చంతా లెక్కగట్టి అందరికీ పంచుతారు గనక బిల్లు నెలనెలా మారుతుంది. పిల్ల ఇంటికొచ్చిన రోజులకి తగ్గింపు ఉందా అని ముందే కనుక్కోండి. కాషన్ డిపాజిట్టు రసీదు బీరువాలో దాచండి. చదువయ్యాక అది లేకపోతే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే.

అప్పు సంగతి కూడా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం వడ్డీలేని రుణ స్కాలర్‌షిప్పులు 1963లో పెట్టింది. 2001 నుంచి బ్యాంకులన్నిటికీ ఒక నమూనా విద్యారుణ పథకం వచ్చింది. దాని కింద నాలుగు లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు. అయితే పిల్లతో పాటు తల్లో తండ్రో సంతకం పెట్టాలి. చదువుతున్నంతకాలం వాయిదా కట్టక్కర్లేదన్నారు కదా అని నిశ్చింతగా ఉండకండి. వడ్డీ మటుకు లోపల పెరుగుతూనే ఉంటుంది. నెలనెలా ఆ వడ్డీ కాస్త కట్టుకుంటూ పోతే తర్వాత పిల్ల నెత్తిన బరువు తగ్గుతుంది. సంతకం పెట్టేముందు కాగితం మీరూ చదవండి. మీ వారు చదివారు కదా అని ఊరుకోకండి.

మా అన్నయ్యకి నెలనెలా మనియార్డరు వెళ్ళేది. ఫారం అడుగున చిన్న కూపనుండేది. అందులో నాన్నగారు డబ్బు జాగ్రత్త అని రాస్తే, మిగిలిన కాస్త చోటులో అమ్మ వేళకి తిను అని ఇరికించేది. ఇప్పుడు ఫోన్లో నొక్కితే డబ్బు వెళ్ళిపోతోంది. మొన్న ట్రంకుపెట్టె సర్దుతూ మనవరాలి చేతిలో ఒక రూళ్ళ పుస్తకం పెట్టాను, ఖర్చులు రాసుకోవే అని. మొదటి పేజీలో నేనే ఒక పద్దు రాసిచ్చాను: రానూపోనూ రైలు ఖర్చు, వేరే తీసి పెట్టుకోవలెను.