ఇంట పని – వేసవిలో పిల్లలు

బడులకు వేసవి సెలవులు వచ్చినవనగానే, ఇంటిపట్టున కూర్చుండి జీవనోపాధి చూచుకొనువారికి ఒక చిక్కు ఆరంభమగును. పెద్దలకు పని సాగవలెను. పిల్లలకు ఆట సాగవలెను. ఉన్నది ఒక్క ఇల్లు. 2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా మహమ్మారి మూలమున దేశమంతయు తలుపులు బిగించుకొన్నపుడు, హైదరాబాదు మొదలగు నగరములలో పెక్కుమంది ఉద్యోగులు భోజనపు బల్లమీద కంప్యూటరు పెట్టుకొని కచేరీ పని చేయసాగిరి. బడులును మూతపడుటచే ఆ యేడు సెలవులు నెల ముందుగనే వచ్చిపడినట్లయినది. ఇట్టి వింత మునుపెన్నడును లేదని ఆనాడు పలువురు అనుకొనిరి. అయితే చరిత్ర చూచినచో ఇల్లే పనిశాలగా బ్రదికిన కుటుంబములు మనలో తరతరములుగా కలవు. ఆ ఇండ్లలో పిల్లలు ఏమి చేయుచుండిరన్నదే మేము ఇచ్చట విచారింపదలచిన సంగతి.

నేతవారి ఇంటిని తీసికొందము. మగ్గము గుంట ఇంటిలోనే ఉండును. నేతగాడు గుంట అంచున కూర్చుండి, కాళ్ళు లోపలికి వ్రేలాడవేసి, తొక్కుడు కర్రలను త్రొక్కుచు నేయును. చూచువారికి నేయువాడొక్కడే కనబడును. కాని ఆ నాడెలోని కండెను రాట్నముపై చుట్టినది ఇంటి ఇల్లాలు. నూలు చిక్కు తీసినది ముసలితల్లి. తెల్లవారుజామున ఎండ ముదరకముందే పడుగును వీధి పొడుగున సాచి, గంజి పట్టించి, తెగిన పోగులను ముడివేయుటకు ఇంటిల్లిపాదియు కదలవలెను. అందులో పిల్లల చేతులును ఉండెడివి. సన్నని వ్రేళ్ళకు సన్నని పోగు సులభముగా చిక్కునని పెద్దలు అనెడివారు. చీర అమ్ముడుపోయినపుడు లెక్కకు వచ్చినది ఒక్కని కూలియే. అట్టి ఇంటిలో పిల్లవాడు పనికి అడ్డము కాడు, పనిలో ఒక భాగము. కాబట్టి పనికిని పిల్లలకును నడుమ సమన్వయ మెట్లన్న ప్రశ్నయే అచ్చట పుట్టలేదు. ఇది ఆ కాలపు సుఖమని కొందరు వ్రాయుట చూచితిమి. మాకు అట్లు తోచదు.

తోచకుండుటకు ఒక పాత నివేదిక కారణము. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన యేలుబడిలోని బడుల లెక్క తీయింపగోరి కలెక్టర్లందరికిని ఉత్తరువు పంపెను. మరుసటి యేడు, 1823లో, బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ సమాధానము వ్రాసెను. ఈయన ఆంగ్లములో తెలుగు వ్యాకరణము రచించిన క్యాంబెలే. అది 1816 నాటి గ్రంథము. నాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురపు సీమయు చేరియుండెను. జిల్లా మొత్తము జనము 9 లక్షలకు పైబడియుండగా, 533 బడులలో చదువుకొనువారు 7 వేలకైనను చాలలేదు. బాలురు ఉదయము 6 గంటలకే బడికి చేరవలెననియు, అందరికంటె ముందు వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురనియు క్యాంబెల్ ఎంతయో మురిపెముతో వర్ణించెను. పిమ్మట అసలు సంగతికి వచ్చెను. సీమ బట్టల దిగుమతిచే ఇచ్చటి నేతపనివారి ఆదాయము క్షీణించినదనియు, బీదరికముచే జనులు పిల్లలకు చదువు చెప్పించుకొనలేకున్నారనియు, లేత చేతులకు ఏ కొంచెము పనియైనను చేయు శక్తి వచ్చిన వెంటనే తల్లిదండ్రులకు ఆ పిల్లల సాయము అవసరమగుచున్నదనియు ఆయన స్పష్టముగా వ్రాసెను. కుంఫిణీ కొలువులోని కలెక్టరే కుంఫిణీ పాలన ఫలితమును ఇట్లు చెప్పుట గమనింపదగినది. ఇంటి పనిలో పిల్లవాడు కలిసిపోవుట వెనుక ఆచారము కొంత, ఆకలి కొంత ఉండెనని దీనివలన తెలియుచున్నది.

వీధిబడులకు అమావాస్య, పున్నమి, పండుగలు సెలవుదినములు. ఎండకాలమంతయు బడి మూయుట ఆంగ్లపాలనలో ఏర్పడిన బడుల పద్ధతి. ఆ దొరలకు మన ఎండ పడదు. మద్రాసు ప్రభుత్వమే యేటేట వేసవికి ఉదకమండలమెక్కెడిది. దొరలతోపాటు బడులకును దీర్ఘమైన వేసవి విరామము అలవడినది. రోహిణికార్తెలో రేకుల కప్పు క్రింద పిల్లలను కూర్చుండబెట్టుటకంటె ఇది మేలే. బడి స్థిరపడిన కొలది ఇంటిలో పిల్లవాని స్థానము మారినది. సంవత్సరములో పది నెలలు వానికి పని చదువు. తక్కిన రోజులు వానికి ఆట. వేసవిలో ఇంటనుండి పనిచేయు తల్లి, పిల్లల అల్లరికి విసుగుకొని తల పట్టుకొనుచున్నదనగా, ఆ పిల్లలు పనినుండి విముక్తులైనారని అర్థము. ఆ అల్లరి సంపాదించుకొనుటకు మనకు నూరేండ్లకు పైగా పట్టినది.

అందరు పిల్లలకును అది దక్కినదా? నరసాపురము వైపు చూడుడు. పశ్చిమగోదావరి జిల్లాలో ఆ పట్టణము, దాని చుట్టుపట్టు గ్రామములు లేసు అల్లికకు పేరు పొందినవి. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతపు స్త్రీలకు నేర్పిన విద్య అది. కొక్కెపు సూది ఒకటి, దారపు ఉండ ఒకటి ఉన్న చాలును. మగ్గము వలె గుంట అక్కరలేదు, రాట్నము వలె చోటు అక్కరలేదు. అందుచేతనే అది ఇంటింటను ప్రవేశించినది. గడప దాటరాని కట్టుబాటు గల కుటుంబముల స్త్రీలకు మరింత అనుకూలమైనది. వర్తకుని మనిషి దారము తెచ్చి యిచ్చును, అల్లినది పట్టుకొనిపోవును. ఒకతె పువ్వు అల్లును; మరియొకతె ఆ పువ్వులను కలిపి అతుకుపని చేయును. అల్లినవారికి ఆ సరకు ఏ దేశపు బల్లమీద పరచబడునో తెలియదు.

జర్మనీ దేశపు సాంఘిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీల నడుమ పరిశోధన జరిపి 1982లో ఒక గ్రంథము వెలువరించెను. దినమునకు 6 మొదలు 8 గంటలు అల్లికమీద కూర్చుండు స్త్రీని వర్తకులు పనివారిలో లెక్కింపరు. తీరిక వేళ కాలక్షేపము చేయు గృహిణి యందురు. ఆశ్చర్యమేమనగా, పలువురు స్త్రీలును తమను గూర్చి అట్లే చెప్పుకొనిరి. తీరిక యని పేరు పెట్టినచో కూలి తగ్గించుట సులువు. ఆ తీరికలోనే వంట, నీళ్ళు, చంటిపిల్ల, బడినుండి వచ్చిన పిల్ల అన్నియు ఇమిడియున్నవి. ఒడిలో బిడ్డ నిద్రించుచుండగా బిడ్డ తలపైనుండి సూది ఆడుచుండును. కూతురు ప్రక్కన చేరి చూచి చూచి ఒకనాడు తానును సూది పట్టును. ఇది చదువా, ఆటా, పనియా?

ఇచ్చట మా వృత్తికి సంబంధించిన మాట ఒకటి. చేతులును కన్నులును పనిలో చిక్కుకొన్నవారికి మిగిలియుండునవి చెవులే. చదువుటకు వీలులేని ఇట్టివారికి రేడియో తోడయినది. న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై మద్రాసునుండి, తరువాత హైదరాబాదునుండి పిల్లలకు కథలు, పాటలు వినిపించిన దినములలో, ఆ కొద్దిసేపును ఎన్ని ఇండ్లలో తల్లులు చేతిపని ముగించుకొనిరో యని మేము ఊహించుచుందుము.

పిల్లలు తల్లి పనిని చూచుట వృథాగా పోదని చెప్పుటకు ఒక నిదర్శనము కలదు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశము నేత కుటుంబమున జన్మించెను. పేదరికముచే చదువు నడుమనే మానెను. వారి ఇంటి నేతలో ముందుగా ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల చుట్టును పోగును త్రిప్పుటయే ఆసు. ఒక చీరకు చేయి సుమారు 9 వేల సారులు అటునిటు ఆడవలెను. ఈ పని స్త్రీలది. భుజము నొప్పితో తల్లి లక్ష్మమ్మ బాధపడుట చూచి చూచి, మల్లేశము యేండ్ల తరబడి ప్రయత్నించి 1999లో ఆసు యంత్రమును నిర్మించెను. దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చినది. అయితే అట్టి బుద్ధిమంతుడు బడిలో కొనసాగియున్న ఏమగునో యను ప్రశ్న మమ్ము విడువదు.

చట్టములు ఈ గడపను ఎట్లు చూచినవో కూడ చెప్పవలెను. 1881 నాటి ఫ్యాక్టరీ చట్టము 7 యేండ్లు నిండని పిల్లలను మిల్లులలో పెట్టుకొనరాదనెను. అది పెద్ద కర్మాగారముల మాట. 1938లో బాలల పనిని గూర్చి వచ్చిన చట్టము బీడీల తయారీ, తివాచీల నేత మొదలగు పనులను నిషేధించి, కుటుంబము తనంతట తాను నడుపుకొను పనిశాలను మాత్రము విడిచిపెట్టెను. 1986 నాటి చట్టమును ఆ మినహాయింపును నిలుపుకొన్నది. తునికాకు చుట్టు నిజామాబాదు, కరీంనగరు ప్రాంతపు స్త్రీలను పనివారుగా గుర్తించినది 1966 నాటి బీడీ కార్మికుల చట్టము. ఇంటిలో చేసినను అది పనియేనని అందులో ఒప్పుకొనిరి. లేసు అల్లువారికి అట్టి ప్రత్యేక చట్టము రాలేదు. 2009లో 6 మొదలు 14 యేండ్ల పిల్లలకు చదువు హక్కుగా శాసనమైనది.

దాని పిదప 2016లో బాల కార్మిక చట్టమును సవరించిరి. 14 యేండ్లలోపు పిల్లలను ఏ పనిలోను పెట్టుకొనరాదని అందులో కలదు. ఆ వెంటనే, అపాయకరము కాని కుటుంబపు పనిలో బడివేళలు ముగిసిన పిమ్మటను, సెలవులలోను పిల్లవాడు ఇంటివారికి సాయపడవచ్చునని కూడ కలదు. చేతివిద్యలు తండ్రినుండి కొడుకునకు సంక్రమించుటకు ఇది అవసరమని సమర్థించినవారు చెప్పిరి. చదువుకు కీడని వ్యతిరేకించినవారు వాదించిరి. సెలవులను పేరెత్తి చెప్పిన ఆ వాక్యమువలన, పిల్లవాని విశ్రాంతికై ఏర్పడిన వేసవికాలమే వాని చేతికి పని యిచ్చుటకు అనుమతి గల కాలమైనది. మే నెల మధ్యాహ్నమున వసారాలో తల్లి ప్రక్కన కూర్చుండి సూది ఆడించుచున్న పదేండ్ల పిల్ల నేర్చుకొనుచున్నదో, సాయపడుచున్నదో, కూలి చేయుచున్నదో, తల్లియైనను ఇదమిత్థమని చెప్పలేదు.