యిన్‌యాంగ్‌హువో: ఒక చీనా ఓషధి, ఒక పాఠభేదము

చీనా వైద్యమున పురుషత్వలోపమునకు వాడఁబడు మూలికలలో యిన్‌యాంగ్‌హువో మిక్కిలి ప్రసిద్ధము. ఇది కొండనీడలందు పెరుగు చిన్నమొక్క. కాడ మూఁడు కొమ్మలై, కొమ్మకు మూఁడేసి యాకు లుండుటచే 'మూఁడుకొమ్మల తొమ్మిదాకుల మొక్క' యనియు దీనికి పేరు కలదు. ఔషధమునకు గ్రాహ్యమగునది ఆకు. పాశ్చాత్యులు దీనిని ఎపిమీడియమను జాతియందు చేర్చిరి.

నామమున మూఁడు పదము లున్నవి. యిన్ అనఁగా కామాతిరేకము, యాంగ్ అనఁగా మేఁక లేక గొఱ్ఱె, హువో అనఁగా చిక్కుడుజాతి మొక్కల యాకు. యిన్, యాంగ్ అను ప్రసిద్ధతత్త్వములతో దీనికి సంబంధము లేదు. ధ్వనిసామ్యమే కాని వ్రాఁత వేఱు. పశ్చిమ సిచువాన్‌లో నొక మృగము ఈ యాకు మేసి దినమునకు నూఱుమాఱులు సంగమించునఁట! ఈ కథను చెప్పినవాఁడు తావో హోంగ్‌జింగ్ (456–536). ఇది నామమునకు నిర్వచనమే కాని గుణమునకు ప్రమాణము కాదు. షెన్నోంగ్ పేర నున్న ప్రాచీన మూలికాగ్రంథమున ఈ కథ కానరాదు. అందు ఈ యోషధి మధ్యమవర్గమున చేర్పఁబడి, లింగశైథిల్యమును, మేఢ్రమందలి నొప్పిని మాన్పుననియు, మూత్రమును చక్కగా వెడలించుననియు, బలమును మనోదార్ఢ్యమును పెంచుననియు వర్ణింపఁబడినది.

అసలు చిక్కు వేఱొకచోట నున్నది. తావో ఆ గ్రంథమును పరిష్కరించుచు మూలవాక్యములను ఎఱ్ఱసిరాతోను, పిమ్మటి వైద్యుల వాక్యములను నల్లసిరాతోను వ్రాసి వేఱుపఱచెను. పరిష్కర్తలలో నింతటి నిజాయితీ అరుదు. ఆ పిమ్మటివారి వాక్యములలో నొకటి యిది: పురుషుఁడు దీర్ఘకాలము దీనిని సేవించినచో సంతానహీనుఁడగును. మింగు రాజుల కాలపు వైద్యుఁడు వాంగ్ జీ (1463–1539) ఇది లేఖకుని తప్పనియు, 'లేదు' అను నక్షరమునకు బదులు 'కలదు' అని యుండవలెననియు సవరించెను. ఒక్క యక్షరము మాఱఁగా సంతానహాని సంతానప్రాప్తి యయ్యెను! లీ షిజెన్ 1578లో ముగించిన బెన్‌త్సావ్ గాంగ్‌మూ (ముద్రణము 1596) అను మహాగ్రంథమున ఈ సవరణ నుదాహరించెను. ఉదాహరించిన వాక్యమున ప్రత్యంతరసాక్ష్య మేదియు లేదు.

సవరణకు హేతువు తెలియుచునే యున్నది. వృష్యౌషధము సంతానమును హరించు ననుట వైద్యునకు పొసఁగలేదు. చరకసంహితయందును వాజీకరణమునకు సంతానము ముఖ్యఫలముగా చెప్పఁబడినది. కాని అర్థము రుచింపలేదని పాఠమును మార్చుట యుక్తము కాదు. లేఖకులు కఠినపాఠమును సుగమము చేయుటయే తఱచు. సుగమమును కఠినము చేయుట తక్కువ. మఱియు, దీనిని సేవించినవారు మైథునాసక్తు లగుదురని తావోయే చెప్పెను. అతిసంగమము శుక్రక్షయహేతువని చీనా వైద్యుల మతము. కావున పూర్వపాఠమునకు అన్వయము చక్కగా కుదురుచున్నది. అది దీర్ఘసేవనమును గూర్చిన హెచ్చరిక.

గుణనిర్ణయమునను లీ షిజెన్ ప్రాచీనులను విడిచెను. వారు శీతమనిరి, ఇతఁడు ఉష్ణమనియు, యాంగ్ అను తత్త్వము (ఇచట మేఁక కాదు) కొఱవడినవారికి తగుననియు చెప్పెను. నేఁటి చీనా వైద్యము ఇతనినే యనుసరించుచున్నది.

ఆధునికులు ఈ యాకునుండి ఇకారియిన్ అను ద్రవ్యమును వేఱుచేసిరి. 1998లో అమెరికాయందు అనుమతింపఁబడిన సిల్డెనాఫిల్ ఏ ఎంజైమును నిరోధించునో, దానినే ఇదియు పరీక్షనాళికలో నిరోధించును. శక్తి మాత్రము చాల తక్కువ. పాశ్చాత్యుల యంగళ్లలో నీ యాకు మేఁక పేరుతోనే యమ్ముడగుచున్నది. మనుష్యులయందు దాని ఫలమును స్థాపింపఁజాలిన పరీక్షలు ఇంకను చాలినన్ని జరుగలేదు.