నిలిచిన బండి, మరుగు నీరు

పాత మోటారు బండి గల గృహస్థులకు రెండు చిక్కులు సుపరిచితములు. బండిని నిలిపి ఇంజనును ఆడనిచ్చినప్పుడు అది వణకుచు, ఎగుడుదిగుడుగా కొట్టుకొని తుదకు ఆగిపోవుట ఒకటి. రేడియేటరులో నీరు మరిగి ఆవిరి చిమ్ముట రెండవది. మొదటిదానికి కార్బురెటరును, రెండవదానికి రేడియేటరును విప్పుట మన షెడ్లలో ఆచారము. ఇవి రెండును వేరు వేరు రోగములని తలచుటవలననే పెక్కు రూపాయలు వ్యర్థమగుచున్నవని మా అభిప్రాయము. మోటారు బండి చరిత్రను కొంత పరికించినచో ఇది తేటపడును.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు కోరిన మూడు చక్రముల బండికి రేడియేటరే లేదు. సిలిండరు చుట్టునున్న నీరు కాగి, ఆవిరియై, వేడిమిని తనతో కొనిపోవును. తరిగిన నీటిని మరల పోయవలెను. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకయే, కుమారులిద్దరితో మన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌కు ఆ బండిమీద బయలుదేరెను. దూరము సుమారు 100 కిలోమీటర్లు. దారిలో నీటికై పలుమార్లు ఆగవలసి వచ్చెను. ఇంధనపు గొట్టము పూడుకొనగా ఆమె తన టోపీ సూదితో దానిని శుభ్రపరచెనట! ఆ తొలి దూరప్రయాణముననే నీటి చిక్కును, ఇంధనపు చిక్కును జంటగా ఎదురైనవి.

ఆ రెండింటికిని విరుగుడు కనుగొన్నవాడును ఒక్కడే, విల్హెల్మ్ మైబాఖ్. ఇంధనమును సన్నని రంధ్రము గుండ తుంపరగా చిమ్మి గాలితో కలుపు కార్బురెటరు 1890ల తొలినాళ్లలో ఆయన చేతిమీదుగా వెలువడెను. 1900లో 35 అశ్వశక్తుల మెర్సిడెస్ బండికి ఆయన తేనెపట్టు వంటి రేడియేటరును అమర్చెను. అందు 8,070 సన్నని గొట్టములు కలవు. వాని గుండ గాలియు, వాని చుట్టు నీరును ప్రవహించును. బండి మెల్లగా పోవునప్పుడు గాలి చాలదని గ్రహించి వెనుక ఒక ఫ్యానును కూడ ఉంచెను. నిలిచిన బండి కష్టమును ఆయన అప్పుడే ఎరిగినాడు.

ఫోర్డు కంపెనీ 1908లో మొదలిడిన టి నమూనా బండ్లలో తొలి రెండున్నర వేలకు మాత్రమే నీటి పంపు ఉండెను. పిమ్మట దానిని తీసివేసి, వేడినీరు పైకెక్కును, చల్లనీరు దిగును అను ప్రకృతి ధర్మమునకే పని అప్పగించిరి. చౌకయే, కాని నీరు పైగొట్టము మట్టమునకు తగ్గినచో ప్రవాహము నిలిచిపోవును. తరువాతి బండ్లలో పంపు మరల వచ్చెను, దానితో థర్మోస్టాటును వచ్చెను. నీరు సుమారు 80 డిగ్రీలకు కాగువరకు దానిని రేడియేటరులోనికి పోనీయని చిన్న తలుపది. ఉష్ణదేశమున ఇదెందుకని దానిని పీకి పారవేయు మేస్త్రీలు మనలో పెక్కుమంది. అందువలన ఇంజను ఎంతకును తగినంత వేడెక్కదు, పెట్రోలు సరిగా ఆవిరికాదు, ప్లగ్గులకు మసి పట్టును, ఐడ్లింగు చెడును. ఇది వైద్యము కాదు, రోగిని మార్చుట.

1950ల చివరినుండి 2014 వరకు ఉత్తరపారాలో తయారైన అంబాసిడరునే తీసికొందము. వైశాఖపు మధ్యాహ్నమున బెజవాడ రైలుగేటువద్ద అది నిలిచినదనుకొనుడు. ఫ్యాను బెల్టుతో ఇంజనుకు కట్టుబడినది గనుక ఇంజను నిదానించిన అదియు నిదానించును. లోని వేడి గొట్టములోని పెట్రోలునకు సోకును; పెట్రోలు నీటికన్న చాల తక్కువ వేడికే బుడగలెత్తును; ఇంజను తడబడును. ఎదురుదిశయు కలదు. కార్బురెటరు క్రింది గాస్కెటు సందున దొంగగాలి చొరబడిన మిశ్రమము పలుచనై ఐడ్లింగు చెడును, ఇంజను అధికముగా కాగును. నిప్పురవ్వ ఆలస్యముగా పుట్టినను ఇదే ఫలితము.

కావున ఏది ముందు చూడవలెను? నిలిచినప్పుడే కాగి, పరుగెత్తిన చల్లబడినచో బెల్టు, ఫ్యాను, టైమింగు, గాలిసందులు చూడుడు. పరుగులో కాగి నిలిచినప్పుడు బాగున్నచో రేడియేటరు పూడినదనియో, క్రింది రబ్బరు గొట్టము లోనికి అణగుచున్నదనియో సందేహింపవలెను. కార్బురెటరు స్క్రూను చిట్టచివర ముట్టుడు. ప్లగ్గులు, టైమింగు సరిగా లేనిది దానిని త్రిప్పినచో ఒక తప్పును మరొక తప్పుతో కప్పుటయే యగును.

నీటి మాట మరువరాదు. మన మెట్ట తాలూకాలలోని బోరునీటిలో సున్నపు పాలు హెచ్చు. కాచిన బిందె అడుగున పేరుకొను తెల్లని చిట్టెమే రేడియేటరు గొట్టములలోను పేరుకొనును. శుద్ధజలముతో కూలెంటును కలిపి పోయుట మేలు.

ఇక మూత సంగతి. దానిలోని స్ప్రింగు నీటిని ఒత్తిడిలో ఉంచి మరుగు స్థానమును 100 డిగ్రీలకు పైకి జరుపును. వేడిగా నున్నప్పుడు మూత విప్పినచో ఒత్తిడి ఒక్కుమ్మడిగా తొలగి, నీరంతయు క్షణములో మరిగి ముఖముమీదికి చిమ్మును. ఇంజను నాపి, బానెట్టు నెత్తి, అరగంటకు తక్కువ కాకుండ చల్లారనిచ్చి, దళసరి గుడ్డ వేసి మూతను మెల్లగా మొదటి మెట్టువరకే త్రిప్పవలెను. బుస్సుమను చప్పుడు పూర్తిగా ఆగిన పిమ్మటనే తక్కినది త్రిప్పుడు.