డాల్ఫిన్ స్పీడు ఎంత? ఏడు సెకన్ల లెక్క, 78 ఏళ్ల చిక్కుముడి

ఈరోజు ప్రశ్న చాలా చిన్నది. డాల్ఫిన్ ఎంత స్పీడుగా ఈదుతుంది? ఫోన్‌లో వెతికితే ఒకచోట గంటకి 30 కిలోమీటర్లు, ఒకచోట 40, ఇంకోచోట 60 అని ఉంటుంది. ఇవి ఎవరు కొలిచారు? ఎలా కొలిచారు? అసలు కథ అక్కడుంది.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీని చూసి "నలభై అయిదు కిలోలుంటుందిలే" అంటే రైతు ఊరుకుంటాడా? కాటా వెయ్యాల్సిందే. సముద్రంలో ఈ కాటా వెయ్యడమే కష్టం. జంతువు నీళ్ల కింద ఉంటుంది, ఓడ కదులుతుంటుంది, నీళ్లూ కదులుతుంటాయి.

ఇప్పుడు 1936కి వెళ్దాం. కేంబ్రిడ్జిలో జేమ్స్ గ్రే అనే జంతు శాస్త్రవేత్త ఉండేవాడు. హిందూ మహాసముద్రంలో ఒక డాల్ఫిన్, వెళ్తున్న ఓడ పక్కనే వెనక నుంచి ముందుకి ఏడు సెకన్లలో దాటేసిందని ఆయనకి తెలిసింది. ఓడ వేగం కూడా కలిపితే దాదాపు 20 నాట్లు, అంటే గంటకి 37 కిలోమీటర్లు. అంత వేగానికి ఎంత శక్తి కావాలో గ్రే లెక్క వేశాడు. డాల్ఫిన్ కండరాలకి ఉండాల్సిన దానికంటే ఏడు రెట్లు ఎక్కువ వచ్చింది! అయితే దాని చర్మంలోనే నీటి రాపిడిని తగ్గించే ఏదో రహస్యం ఉండాలన్నాడు. దీనికే గ్రే పారడాక్స్ అని పేరొచ్చింది.

ఆ రహస్యం దొరికితే జలాంతర్గాములు, టార్పెడోలు ఇంకా స్పీడుగా వెళ్తాయి కదా? ప్రచ్ఛన్న యుద్ధ కాలం అది. 1950ల చివర్లో అమెరికాలో మాక్స్ క్రేమర్ అనే జర్మన్ ఇంజినీరు డాల్ఫిన్ చర్మం లాంటి మెత్తటి రబ్బరు పూత తయారుచేశాడు. రాపిడి సగానికి పైగా తగ్గిందన్నాడు. తర్వాత వేరేవాళ్లు చేసిన చాలా పరీక్షల్లో ఆ స్థాయి ఫలితం రాలేదు.

అసలు కాటా 1960ల్లో పడింది. హవాయిలో థామస్ లాంగ్, కరెన్ ప్రయర్ శిక్షణ ఇచ్చిన మచ్చల డాల్ఫిన్‌ని ఈదించి కొలిచారు. 1966లో ప్రచురించిన లెక్క ప్రకారం సెకనుకి 11.05 మీటర్లు, అంటే గంటకి దాదాపు 40 కిలోమీటర్లు. అదీ కొన్ని క్షణాలే. కొద్దిసేపటికి ఆ శక్తి కండరాలు ఇవ్వగలవని కూడా తేలింది.

మరి గ్రే లెక్కలో తేడా ఎక్కడొచ్చింది? డాల్ఫిన్ పరుగు ఏడు సెకన్లు. ఆయన పోల్చింది మాత్రం పడవ తెడ్లు వేసే మనుషులు, కుక్కలు కొన్ని నిమిషాలపాటు ఇవ్వగలిగే శక్తితో. వంద మీటర్ల పరుగువీరుణ్ణి మారథాన్ లెక్కలో చూసినట్టు. చివరికి 2014లో ఫ్రాంక్ ఫిష్, తిమోతీ వే బృందం నీళ్లలో సన్నటి గాలిబుడగలు వదిలి, డాల్ఫిన్ తోక ఎంత బలంగా నీటిని నెడుతుందో కొలిచింది. కావాల్సిన శక్తి తోకలోనే ఉంది. చర్మంలో మాయ అక్కర్లేదు.

మిగతా వాటి సంగతి? కొమ్ము కోనెం జాతి సెయిల్‌ఫిష్‌కి గంటకి 110 కిలోమీటర్లని క్విజ్ పుస్తకాల్లో చదివే ఉంటారు. అది 1920ల్లో ఫ్లోరిడాలో గాలం తాడు మూడు సెకన్లలో వంద గజాలు లాగేసిందన్న లెక్క. అది తాడు స్పీడు, చేప స్పీడు కాదు. 2016లో కండరం ఎంత త్వరగా ముడుచుకుంటుందో కొలిచి అంచనా వేస్తే సెయిల్‌ఫిష్‌కి దాదాపు 30, బారకూడాకి 22 వచ్చింది. మామూలు బాటిల్‌నోస్ డాల్ఫిన్‌కి 2002 పరిశీలనలో గరిష్ఠం దాదాపు 30. ఒలింపిక్స్ ఈతగాడు 50 మీటర్ల పోటీలో సుమారు 8.5. అంటే డాల్ఫిన్ ముందు వరసలోనే ఉంది, కాకపోతే 60, 110 లాంటి నంబర్లు కాటా మీద నిలబడవు.

ఇది మనకెందుకు అంటారా? పత్తి, మిరప చేలు దాటి వెళ్తే సూర్యలంక, వాడరేవు, నిజాంపట్నం. మనది కూడా సముద్రం ఉన్న ప్రాంతమే. "అంత స్పీడుగా వెళ్లేది వలలో ఎందుకు పడుతుంది?" అని చాలామంది అడుగుతారు. డాల్ఫిన్ చేప కాదండీ, ఊపిరి కోసం పైకి రావాల్సిన క్షీరదం. వల చుట్టుకుని పైకి రాలేకపోతే నిమిషాల్లో చచ్చిపోతుంది. గంటకి 40 కిలోమీటర్లు అక్కడ దేనికీ పనికిరాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో దానికి రక్షణ ఉంది. వలలో ప్రాణంతో కనిపిస్తే వెంటనే వల కోసి వదిలెయ్యడమే దారి.

ఈసారి ఎవరైనా సముద్రంలో ఫలానాది గంటకి ఇంత అంటే, ఒక్కమాట అడగండి: కాటా ఎవరు వేశారు?