బూట్ కాని డిస్కు, చదవరాని తెలుగు

కంప్యూటర్ బూట్ కాకపోతే లోపలున్నదంతా పోయిందనే అనుకుంటారు జనం. కొన్నిసార్లు చెడింది మొదటి సెక్టార్ ఒక్కటే, అంటే 512 బైట్లు. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన మాస్టర్ బూట్ రికార్డ్ ఉండే చోటది. డిస్కు ఎక్కడెక్కడ భాగాలైందో చెప్పే చిన్న పట్టిక అందులోనే ఉంటుంది. అది చెదిరితే విండోస్ లేవదు. ఫైళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

నంద్యాలలో మా మామ చాలాఏళ్లు డీటీపీ సెంటర్ నడిపాడు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కాలేజీ ప్రశ్నపత్రాలు, మహానంది, అహోబిలం యాత్రికుల కోసం చిన్న పుస్తకాలు. షాపు మూసేశాక మిగిలింది 40 జీబీ హార్డ్ డిస్కు. "దీంట్లో అయ్యవారి పాటలుండాయి, వస్తాయేమో చూడుప్పా" అన్నాడు. ఆళ్లగడ్డలో పనిచేసి రిటైరైన ఒక అయ్యవారు చుట్టుపక్కల ఊళ్లు తిరిగి చెక్కభజన పాటలు రాసుకొచ్చి, పుస్తకం వేద్దామని టైపు చేయించాడట. డబ్బు కుదరక పుస్తకం రాలేదు. ఆయన పోయారు, నోటుపుస్తకాలకు చెదలు పట్టింది. ఇక ఉంటే గింటే డిస్కులోనే ఉండాలి.

డిస్కు టక్‌టక్‌మని కొట్టుకుంటుంటే కరెంటు తీసేసి ల్యాబుకు పంపడమొక్కటే దారి. ఇది కొట్టుకోలేదు, మెల్లగా చదువుతోంది. ఇలాంటప్పుడు విండోస్‌తో రిపేరు చేయించబోవడం ప్రమాదం. అది చెడిన డిస్కు మీదే మళ్లీ రాస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి, డీడీరెస్క్యూతో మొత్తం డిస్కుకి నకలు తీశాను. దాని పద్ధతి నాకు ఇష్టం: బాగున్న చోట్లు ముందు చదివేసి, మొండి సెక్టార్ల దగ్గరికి తర్వాత తిరిగొస్తుంది. రాత్రంతా పట్టింది. ఆ నకలు మీద టెస్ట్‌డిస్క్ నడిపితే పార్టిషన్ దొరికింది, పాటల ఫోల్డరూ దొరికింది.

తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు. నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న లాటిన్ అక్షరాలు, మధ్యలో డాలర్ గుర్తులు.

ఇది డిస్కు తప్పు కాదు, చరిత్ర. ఇస్కీ ప్రమాణం 1991లో ఐఎస్ 13194 పేరుతో స్థిరపడింది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనూ తెలుగు ఉంది. కానీ డీటీపీ షాపులు బతికింది పేజ్‌మేకర్ మీద, దానికి ఈ రెండూ తెలియవు. కాబట్టి అను, శ్రీలిపి లాంటి ఫాంట్లు దాన్ని నమ్మించాయి: నువ్వు చూస్తున్నది ఇంగ్లీషే అని. ఇంగ్లీషు అక్షరం ఉండే గదిలో ఒకచోట తలకట్టు, ఇంకోచోట వత్తు, మరోచోట దీర్ఘం. కాగితం మీద అందమైన తెలుగు పడుతుంది, ఫైలుకి మాత్రం తను తెలుగని తెలియదు. 'నంద్యాల' యూనికోడ్‌లో ఏడు సంకేతాలు: న, సున్న, ద, పొల్లు, య, దీర్ఘం, ల. ఆ ఫాంట్లలో అది బొమ్మ ముక్కల వరస. 'దా' ముందొచ్చి, యవత్తు తర్వాత కింద అతుక్కుంటుంది. ఏ ముక్క ఏ గదిలో ఉందన్నది ఫాంటును బట్టి మారుతుంది. వెతికితే దొరకదు, ఫాంటు లేకపోతే చదవలేం. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగు తెచ్చాక కూడా, ప్రింటింగ్ పని పాత దారినే నడిచింది.

సి.పి. బ్రౌన్ 1820లో ఆళ్లగడ్డకు దక్షిణాన, ఇదే దారిలో ఉన్న కడపకు వచ్చాడు. బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టి, తాటాకు ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. ఆయనకు పురుగు తిన్న ఆకులున్నాయి, తప్పుల ప్రతులున్నాయి. కానీ ఆకు మీదున్నది తెలుగేనన్న విషయంలో ఎవరికీ అనుమానం రాలేదు. అహోబిలంలో కృష్ణదేవరాయల శాసనం 500 ఏళ్ల తర్వాత కూడా తెలిసినవాళ్లు చదవగలరు. మన తరం తెలుగు అచ్చులో ఎంతో భాగం ఇరవై ఏళ్లకే ఇలా అయింది. డిజిటల్ అంటే శాశ్వతం అనేవాళ్ల మాట వింటే నాకు నవ్వొస్తుంది.

మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. పత్రికల ఫాంట్లను యూనికోడ్‌గా మార్చిన 'పద్మ' లాంటివి ఔత్సాహికులు రాసినవే. నేను ఆ ఫాంటుకి పట్టిక కట్టుకుని, వత్తుల్ని వెనక్కి జరిపే పది వరసల కోడు రాశాను. పది అరవై అయింది. గుణింతాలు సరిపోయాయి, రెండేసి వత్తులున్న చోట గల్లంతైంది. మాండలికం వేరు. 'ఉండాది' అన్న మాట తప్పో పాటో ప్రోగ్రాముకు తెలియదు, హైదరాబాదులో కూర్చున్న నాకూ అన్నిసార్లూ తెలియదు.

ఆళ్లగడ్డలో ఉన్న అయ్యవారి కూతురికి ఫోనులో పంపుతున్నాను. ఆమె చదవదు, పాడి చూస్తుంది. దరువు కుదరకపోతే అక్కడ అక్షరం తప్పన్నమాట. వాయిస్ మెసేజ్‌లో సరైన మాట పాడి పంపుతుంది. నేను దిద్దుతాను.

ఒక ఫైలు మాత్రం సరిగ్గా మొండి సెక్టార్ల మీద పడింది. డీడీరెస్క్యూ మూడుసార్లు తిరిగొచ్చినా అక్కడ సున్నాలే. అందులో పదకొండు పాటలు. అప్పట్లో ఆఫ్‌సెట్‌కి పంపేందుకు బటర్ పేపర్ మీద ప్రింటు తీసినట్టు మామకు గుర్తు. ఇప్పుడు ఆయన అటక మీద పాత కాగితాల కట్టలు దించుతున్నాడు.